శనివారం తూర్పు శూలం

శనివారం తూర్పుకు శూలం, ఆ దిక్కుకు బయలుదేరకూడదు. తిరుత్తణి నుంచి పళవేర్కాడు తూర్పే, మా ఆయనకు సెలవు దొరికింది శనివారమే. దోషం పోవాలంటే పరస్థానం పెట్టాలి. అంటే ముందురోజే మంచి గడియ చూసి మన సామాను ఒకటి పక్కింట్లో పెట్టి, వెళ్ళేటప్పుడు తీసుకుపోవాలి. అప్పుడు ప్రయాణం ముందురోజే మొదలైనట్టు లెక్క. ఇదంతా మా అత్తగారి శాఖ. నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు.

పళవేర్కాడు ఉప్పునీటి సరస్సుకు ఏటా ఫ్లెమింగోలు వస్తాయి. ఈసారి వాటిలో చిన్న రకం కూడా దిగిందని పక్షులు చూసేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫోటో పెట్టారు. ముక్కు ముదురెరుపు, ఇంచుమించు నలుపు. ఇటువైపు రావడం చాలా అరుదు. దాన్ని చూడాలనే ఇంట్లో అందరినీ బతిమాలి ఈ ప్రయాణం పెట్టించాను. పక్షుల పిచ్చి మా ఇంట్లో నాకొక్కదానికే. బైనాక్యులర్ కూడా నేనే కొనుక్కున్నాను.

అత్తగారు సామానంతా ఎక్కించాక చీకటితోనే వ్యాన్ ఎక్కాం. తిరువళ్లూరు దాటాం, పొన్నేరి దాటాం. పిల్లలు నిద్రపోతున్నారు, మా ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు, అత్తగారు మాత్రం నా వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. పడవెక్కి సరస్సు మధ్యకు వచ్చాక దూరంగా నీటి మీద గులాబీ రంగు గీత కనబడింది. ఇంకా దగ్గరికి పోతే లేచిపోతాయని పడవాయన ఇంజను ఆపేశాడు. బైనాక్యులర్ కోసం చూస్తే నా సంచే లేదు.

అప్పుడు చెప్పారు అత్తగారు. పరస్థానానికి పెట్టింది నా సంచినట. తెల్లవారుజామున తీసుకుందామని వెళ్తే పక్కింటికి తాళం. ఏదో చావు కబురొచ్చి వాళ్ళు రాత్రికి రాత్రే ఊరెళ్ళిపోయారట.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాదే ఎందుకు పెట్టారని అడిగాను.

"వాని కెమెరా పెడితే వాడు అరుస్తాడు. అన్నం సంచి పెడితే బిడ్డలకి ఆకలయితే ఏం చేసేది? నీదయితే నువ్వేమీ అనవు కదా అని పెట్టినా."

నిజమే, నేనేమీ అనను. పెళ్ళయినప్పటి నుంచీ అనలేదు. దానికి దక్కిన మర్యాద ఇది. ఎదురుగా వేల పక్షులు. వాటి మధ్య నా పక్షి ఉండే ఉంటుంది, కానీ ఉత్త కళ్ళకు అంతా ఒకటే గీత. మా ఆయన కెమెరా అంత దూరానికి పనికిరాదు. పైగా ఆయన నవ్వుతూ, అన్నీ ఒకే రకం కదా, రేపు ఫోన్లో చూసుకుందువులే అన్నాడు. ఆలస్యమయితే ఒడ్డున మంచి రొయ్యలు దొరకవు, పడవ తిప్పమన్నాడు.

తిప్పొద్దన్నాను. కాసేపు ఆగితే మేసుకుంటూ అవే ఇటు రావచ్చు.

పడవాయన ఇంజను మీద చెయ్యి పెట్టుకుని మా ఆయన ముఖం చూశాడు.

"ఆయన్నెందుకు చూస్తావన్నా? చెప్పింది నేను," అన్నాను.

పడవాయన చెయ్యి తీసేశాడు. అత్తగారు కొంగు తల మీదికి లాక్కున్నారు. ఎండ ముదిరింది, పిల్లలు గునిశారు, పక్షులు ఇటు రాలేదు. మధ్యాహ్నం దాకా నేను తిప్పమనలేదు.