ఖాళీ ఇత్తడికి లైసెన్సెందుకు?

నా దగ్గర రైఫిల్ ఉందని చెబితే ఇంగ్లండులోని మా కోవెంట్రీలో తెలుగువాళ్లు ముందు నా ముఖం చూస్తారు, తర్వాత మా ఆవిడ ముఖం చూస్తారు. ఆవిడ క్షేమంగానే ఉందని రూఢి చేసుకున్నాక, "మీకెందుకండీ అది?" అని అడుగుతారు. వారమంతా కారు బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాస్తాను. శనివారం పొద్దున్నే ఊరి బయట క్లబ్బులో బోర్లా పడుకుని, దూరంగా నిలబెట్టిన కాగితానికి చిల్లులు పెడతాను. ఆ కాసేపూ నాకెవరూ ఈమెయిల్ పంపలేరు. ఇంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు. తుపాకీ లైసెన్సు, అంటే ఇక్కడి సర్టిఫికెట్, ఇచ్చేముందు పోలీసులు ఇంటికొచ్చి అడిగినప్పుడు కూడా ఇంచుమించు ఇదే చెప్పాను. వాళ్లకు నచ్చినట్టే ఉంది.

నా తూటాలు నేనే నింపుకుంటాను. కొన్నవాటికంటే మనం నింపుకున్నవి గురికి బాగా తగులుతాయని క్లబ్బులో నమ్మకం. నా విషయంలో అది ఇంకా రుజువు కాలేదు. పని మాత్రం సులువే. కాల్చిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి తొడుగును కడిగి, అడుగున ప్రైమర్ అనే చిన్న బిళ్ల బిగించాలి. నిప్పు పుట్టేది అందులోనే. తర్వాత మందు పోసి మూతిన గుండు పెట్టాలి. ఇత్తడి మెరవడానికి క్లబ్బులో మిగతావాళ్లు గరగరమని తిరిగే మెషిన్లు కొనుక్కున్నారు. నేను చింతపండు వాడతాను. మా ఆవిడ దేవుడి కుందుల కోసం దాచుకున్న చింతపండు తూటాలకు ఖర్చయిపోతోందని మా ఇంట్లో వేరే గొడవ ఉంది.

సామాను కొనే దుకాణం క్లబ్బుకు వెళ్లే దారిలోనే ఉంది. నడిపేది ఒక ఇంగ్లీషు పెద్దావిడ. కళ్లజోడు దారంతో మెడలో వేలాడుతుంటుంది. కౌంటరు కింద ముసలి కుక్క నిద్రపోతుంటుంది. ఏళ్ల తరబడి ఆవిడ దగ్గరే కొంటున్నాను. మా అమ్మాయి ఏ స్కూల్లో చదువుతోందో ఆవిడకు తెలుసు. నా మోకాలి నొప్పి సంగతి మా జీపీ డాక్టరు కంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. అన్నీ అడిగి, నవ్వి, అయ్యో అని, చివరికి చెయ్యి చాపుతుంది. "సర్టిఫికెట్?"

ప్రైమర్లకు అడిగితే అర్థముంది, అది చట్టం. ఈవిడ ఖాళీ ఇత్తడి తొడుగులకూ అడుగుతుంది. వాటికి చూపించాలని చట్టంలో ఎక్కడా లేదని ఆవిడే ఒప్పుకుంటుంది. మరెందుకమ్మా అంటే, "నా దుకాణం, నా పద్ధతి" అంటుంది. లోపల ఏమీ లేని ఇత్తడి గొట్టం అది. దానితో ఎవరికైనా హాని చేయాలంటే విసిరి కొట్టాలి. విసిరేది నేనైతే అవతలివాడు నిశ్చింతగా ఉండొచ్చు.

ఈ దేశం తీరే అంత. పారాసిటమాల్ ఇంకో ప్యాకెట్ ఎక్కువ తీసుకుంటే, మింగి చస్తామేమోనని బిల్లు కౌంటరు దగ్గరి అమ్మాయి మన ముఖంలో విషాదం వెతుకుతుంది. వంకాయలు తరుక్కునే కత్తి కొంటే వయసు రుజువు అడుగుతారు. నా బట్టతల చూసి కూడా ఒకసారి అడిగారు. ఇంటికొచ్చి మా ఆవిడకు గొప్పగా చెప్పుకున్నాను, అది వేరే విషయం. కానీ ఏళ్లుగా ఎరిగిన మనిషిని కాగితం అడగడం మాత్రం నాకు మింగుడు పడలేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"నేను మీకు తెలుసు కదా? ఇంకా కాగితమేమిటి?"

"తెలుసు," అంది ఆవిడ, నా సర్టిఫికెట్ పేజీలు తిరగేస్తూ. "తెలిసినవాళ్లని వదిలేస్తే, ఇక తెలియనివాళ్లని ముఖం చూసి అడగాలి. ముఖం చూసి అడగడం మొదలుపెడితే ఈ ఊళ్లో ముందు ఎవరిని అడుగుతారో నీకు నేను చెప్పాలా? అందరినీ అడిగితే నాకు ఎవరి ముఖమూ చూడాల్సిన పని ఉండదు."

ఆవిడ చెప్పింది నిజమే. అవతలివాళ్లది నిజమైనప్పుడు నాకు కోపం ఇంకా పెరుగుతుంది.

ఆ కోపం మా తెలుగు సంఘం వినాయక చవితి భోజనాల్లో బయటపడింది. ఎవరో మైకు ఇచ్చి రెండు మాటలు మాట్లాడమన్నారు. నేను ఖాళీ ఇత్తడి గురించి మాట్లాడాను. ఇది మనిషి మీద మనిషికి నమ్మకం చచ్చిపోయిన దేశమని, మన దగ్గరైతే కొట్టువాడు పేరు కూడా అడక్కుండా ఇచ్చేవాడని, తెలిసినవాణ్ణి లైసెన్సు అడగడం అవమానమని చెప్పాను. చప్పట్లు బాగా కొట్టారు. ఉండ్రాళ్ల కోసం వరసలో నిలబడ్డవాళ్లు కూడా కొట్టారు.

కొట్టరా మరి! మా సంఘం నడిచేదే ఆ సిద్ధాంతం మీద. మాలో కార్డు ఒకరికుంటే అందరికీ ఉన్నట్టే. లండన్ దగ్గర స్లౌలో ఉండే ఒకాయన హోల్‌సేల్ కార్డు మీద కోవెంట్రీలో సగంమంది బియ్యం బస్తాలు తెచ్చుకున్నారు. కార్డు మీది ఫొటో ఆయన పెళ్లి కాకముందు తీయించుకున్నది, అందువల్ల ఎవరికైనా సరిపోతుంది. చదువు అయిపోయి పిల్లల్ని కన్నవాళ్లు కూడా స్టూడెంట్ డిస్కౌంటు మీద బూట్లు కొంటారు. సంఘంలో సభ్యత్వమనేది కాగితం మీద ఉంది కానీ, హాలు గుమ్మంలో ఏనాడూ ఎవరూ ఎవరినీ కార్డు అడగలేదు. "మనవాడే" అంటే చాలు, ప్లేటు చేతికొస్తుంది.

ఆ మాట మొదట పుట్టించింది మా సంఘం అధ్యక్షులు, మేమంతా అంకుల్ అని పిలిచే ఆయనేనని నా అనుమానం. తెనాలి వైపు మనిషి, ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. లీడ్స్‌లో మాస్టర్స్ ముగించి ఉద్యోగానికి నేనీ ఊరు వచ్చిన రోజు, ఫ్లాటు ఓనరు గ్యారంటీదారు కావాలన్నాడు. నాకు ఈ ఊళ్లో నా సూట్‌కేసు తప్ప ఎవరూ తెలియదు. క్లాస్‌మేటు ఎవరో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే, గోంగూర పచ్చడి సీసా చేత్తో పట్టుకుని అంకుల్ దిగారు. ఓనరు నన్ను చూపించి, "ఈ కుర్రాడు మీకు తెలుసా?" అన్నాడు. అంకుల్ నన్ను చూసి అరగంట కూడా కాలేదు. "తెలుసు. మా అబ్బాయే," అని సంతకం పెట్టేశారు. ఆ రోజు ఆయన పెట్టిన సంతకం మీదే నా కాపురం మొదలైంది.

ఆయన ప్రేమకు హద్దు లేదు. నిప్పుతో ఆయన వ్యవహారానికీ లేదు. హాల్లో హోమం చేసినప్పుడు పొగ అలారానికి షవర్ క్యాప్ తొడిగించారు. అయినా ఫైరింజను వచ్చింది. వచ్చినవాళ్లకు ప్రసాదం పెట్టి పంపించారు. ఒక వేసవిలో పిల్లల పార్కులో బార్బెక్యూ బొగ్గుల మీద నెయ్యి గుమ్మరించారు. అప్పుడు కాలిన కనుబొమ ఇప్పటికీ రెండోదానికంటే పల్చగా ఉంటుంది.

నేను మైకు వదిలిన వారానికే ఆయన ఫోన్ చేశారు.

"ఒరే అబ్బాయ్, ఇక్కడివి కూడా టపాకాయలేనంట్రా? ముట్టించి పక్క ఊరి హద్దు దాకా పరిగెత్తమని డబ్బా మీద రాస్తాడు. మా నాన్న చిచ్చుబుడ్లు చేత్తో కూరేవాడు. ఈ దీపావళికి మన పిల్లలకి అసలైన చిచ్చుబుడ్డి అంటే ఏంటో చూపిద్దాం. నువ్వెళ్లే కొట్లో మందు దొరుకుద్దంట కదా?"

"అది తూటాల మందండీ అంకుల్, చిచ్చుబుడ్లకి పనికిరాదు. పైగా ఆవిడ సర్టిఫికెట్ లేందే ఇవ్వదు."

"నీకుందిగా. అయినా సర్టిఫికెట్ అడగటం అన్యాయమని మొన్న మైకులో చెప్పింది నువ్వేగా?"

నా ఉపన్యాసం నా మెడకే చుట్టుకుంది. కాదని చెప్పాల్సిన చోట మేమంతా ఒకే మాట అంటాం, అదే అన్నాను. "చూద్దాం లెండి అంకుల్." చెప్పినవాడు దాన్ని కాదనే అర్థంలో చెబుతాడు. విన్నవాడు ఔననే తీసుకుని సంచీ సర్దుకుంటాడు. ఇంగ్లీషువాళ్లకు ఈ సౌకర్యం లేదు పాపం.

ఆ శనివారం పొద్దున్నే అంకుల్ మా గుమ్మంలో ఉన్నారు. కారు సర్వీసుకిచ్చారట, ఊరికే ఆ కొట్టు చూసొస్తారట. చేతిలో మాత్రం పెద్ద సంచీ ఉంది. ఆంటీ పంపిందని నాకు కజ్జికాయల డబ్బా కూడా తెచ్చారు. దారిపొడుగునా వాళ్ల నాన్న చిచ్చుబుడ్ల గురించి చెప్పారు. వింటుంటే నాకూ చూడాలనిపించింది, అబద్ధమెందుకు.

దుకాణంలో నేను ఇత్తడి తొడుగులు అడిగాను. ఆవిడ చెయ్యి చాపింది. సణుగుతూ సర్టిఫికెట్ తీసి కౌంటరు మీద పెట్టాను. అంతలో అంకుల్ ముందుకొచ్చి, ఆవిడ వెనక బీరువాలో ఉన్న మందు డబ్బా వేలితో చూపించారు.

"అది కూడా ఇవ్వండి. మా వాడి సర్టిఫికెట్ మీదే రాసుకోండి. నేను వీడికి తండ్రిలాంటివాణ్ణి."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. ఆయన్ని కాదు, నన్ను చూసింది. "మందు నీకా, ఆయనకా?"

అంకుల్ నా మోచెయ్యి నొక్కారు. తెలుగులో, నెమ్మదిగా అన్నారు. "నీకే అని చెప్పరా. ఒక్క మాట. పిల్లలు సంతోషపడతారు."

నిజంగానే ఒక్క మాట. ఆ మాట అంటే ఆవిడ ఇచ్చేస్తుంది, నా కాగితం అక్కడే ఉంది. అబద్ధమని తర్వాత తేలితే పోలీసులు ఆ కాగితం తీసుకుపోతారు, రైఫిలూ పోతుంది, నా శనివారాలూ పోతాయి. కానీ ఆ క్షణంలో నా కళ్ల ముందున్నది పోలీసులు కాదు. ఆయన పల్చటి కనుబొమ కనిపించింది. దాని వెనక, చిచ్చుబుడ్డి చుట్టూ మూగిన పిల్లల్లో మా అమ్మాయి కనిపించింది. నాకు భయం వేసింది.

"ఆయనకి," అన్నాను ఇంగ్లీషులో. "ఇవ్వకండి."

"ఈయన నీకు బాగా తెలిసినవాడేనా?" అందావిడ.

"తెలుసు. తెలుసు కాబట్టే చెబుతున్నాను."

ఆవిడ తలూపి బీరువాకు తాళం వేసింది. అంకుల్ నా మోచెయ్యి వదిలేశారు. నలభై ఏళ్లుగా ఇంగ్లీషు మాట్లాడుతున్న మనిషి, ఒక్క ముక్క కూడా అర్థం కాకుండా పోలేదు. తిరుగు దారిలో కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చున్నారు. నేను హీటరు పెంచాలా అని అడిగాను, తగ్గించాలా అని అడిగాను. వాళ్లింటి ముందు దిగి ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లారు.

మా సంఘం దీపావళి అసలు దీపావళి నాడు రాదు. హాలు ఖాళీని బట్టి వస్తుంది, ఈసారి బాగా ఆలస్యంగా వచ్చింది. మా ఆవిడా అమ్మాయీ ముందే వెళ్లారు. నేను కారు పార్క్ చేసి, ఆంటీకి తిరిగివ్వాల్సిన కజ్జికాయల ఖాళీ డబ్బా పట్టుకుని వెళ్లేసరికి గుమ్మంలో ఒక టేబులు, దాని వెనక అంకుల్. జరీ కండువా వేసుకున్నారు. నా ముందున్న కుర్రాళ్లు, ఈ ఏడే మాస్టర్స్‌కి వచ్చినవాళ్లు, నమస్తే అంకుల్ అంటూ లోపలికి పోయారు. నా వంతు వచ్చేసరికి ఆయన చెయ్యి చాపారు.

"మెంబర్‌షిప్ కార్డండీ?"

నవ్వాను. ఆయన నవ్వలేదు. అసలు ఆ కార్డు ఎలా ఉంటుందో నేను చూడలేదు, ఎవరూ చూసి ఉండరు. పర్సు తీసి వెతికాను, కోటు జేబులు తడిమాను. చేతికొచ్చింది క్లబ్బు నుంచి వస్తూ మడిచి పెట్టుకున్న తుపాకీ సర్టిఫికెట్ ఒక్కటే. నా ఫొటో ఉన్న కాగితం అదే. దాన్నే ఇచ్చాను.

అంకుల్ కళ్లజోడు పెట్టుకుని, మడతలు విప్పి మొదటి పేజీ నుంచి చదివారు. ఫొటో చూశారు, నన్ను చూశారు, మళ్లీ ఫొటో చూశారు. నా వెనక వరస ఆగిపోయింది. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడకు విసుగొచ్చింది.

"అదేంటంకుల్, ఆయన మీకు తెలీదా?"

"తెలుసమ్మా," అన్నారు అంకుల్, కాగితం జాగ్రత్తగా పాత మడతల మీదే మడుస్తూ. "తెలుసు కాబట్టే అడుగుతున్నా."

సర్టిఫికెట్ నా చేతిలో పెట్టి, "లోపలికి వెళ్లండి, భోజనాలు మొదలయ్యాయి" అన్నారు. ఇన్నేళ్లలో ఆయన నన్ను ఒరే అనకుండా పిలవడం అదే మొదలు. నేను వెళ్లాను. ఎవరో ప్లేటు ఇచ్చారు, ఇంకెవరో పులిహోర వడ్డించారు. ఆంటీ కనబడలేదు, ఆవిడ డబ్బా ఎవరికివ్వాలో తెలియక చంకలో పెట్టుకునే తిన్నాను.