సున్నా అయిపోయిన మగ్గం

నవ్వుండ్రి, కానీ మొత్తం విన్నంక నవ్వుండ్రి. మొన్న మంగళవారం నేను ఒక మగ్గాన్ని దాని పేరే మర్చిపోయేటట్టు చేసిన.

మేము బతకనీకి వచ్చిన బమ్రోలిల, మా బట్టల కార్ఖానాల నాలుగేండ్ల సంది మగ్గం నడుపుతున్న. చదివింది తొమ్మిది. జకార్డు మిస్త్రీ రమేశన్నది సిరిసిల్ల. ఆయన చెప్తే సేఠ్ ఒప్పుకున్నడు: ఒకరోజు పని చూసి, నచ్చితే నన్ను కంప్యూటర్ కాడికి మారుస్తడట. ఆ కుర్చీ కోసం ఇస్త్రీ అంగీ తొడుక్కోని పోయిన.

ఆ పొద్దు, మగ్గం మీదుండి డిజైన్ కోసం పోగులు లేపే జకార్డుకు కొత్త సర్క్యూట్ బోర్డు బిగించిండ్రు. పోగులు పట్టుకునే దాని హుక్కులన్నీ లేస్తున్నయా, దిగుతున్నయా చూడాలె. రమేశన్న మోటర్ బంద్ చేసి, లాప్‌టాప్ నా ముందట పెట్టిండు.

"ఇండ్ల డ్రైవర్ అని ఒక ప్రోగ్రాం ఉంటదిరా. అది పోయి మిషన్ మెమరీల రాస్తది. మెమరీ అంటే వరుసగ గదులనుకో. ఏ అంకె రాయాల్నో చెప్పు, ఎన్ని గదులల్ల రాయాల్నో చెప్పు. అదే అంకె అన్నిట్ల నింపుకుంట పోతది. 255 అంటే హుక్కులు పైకి, సున్నా అంటే కిందికి."

ఇంకా ఏదో చెప్పిండు. నేనప్పటికే ఆ గదులల్ల తిరుగుతున్న.

ఆయన నిచ్చెనెక్కి జకార్డు చక్రం పట్టుకున్నడు. "ఊఁ, రాయి."

255 కొట్టిన. ఎన్ని గదులు? నా మగ్గం నాకు తెల్వదా? హుక్కులు 2688. కొట్టి మీట నొక్కిన. అన్న చక్రం తిప్పిండు.

అబ్బ, ఏం చెప్పాలె. పడుగు పోగులన్నీ ఒక్కపారే లేసినయి. తాపీ నది మీద కొంగల గుంపు లేసినట్టు. నాలుగేండ్లు ఆ పోగుల కిందనే నిలవడ్డ, ఇట్ల ఎన్నడు చూడలే. ఒక్క అంకె, ఇన్నిసార్లు, రెప్పపాటుల!

"అన్నీ లేసినయిరా," అన్నడు మీదికెళ్లి. "ఇగ సున్నా."

సున్నా, 2688. పోగులన్నీ మెల్లగ వంగినయి. నేనట్లనే చూస్తున్న.

అన్న దిగి మగ్గం స్క్రీన్ చూసిండు. స్పీడ్ సున్నా. డిజైన్ సున్నా. మగ్గం పేరు కాడ ఏం లేదు.

"ఎన్ని కొట్టినవ్?"

"హుక్కులెన్నుంటే అన్ని."

అన్న నెత్తి పట్టుకున్నడు. "గదికి ఎనిమిది హుక్కులని చెప్పిన గదరా! ఉన్నయే మూడొందల ముప్పై ఆరు గదులు. నువ్వు దాటి పోయి సెట్టింగులన్నిటి మీద రాసినవ్. అది ఇప్పుడే పుట్టిన పిల్ల."

అంతల్నే సేఠ్ వచ్చిండు. "మషీన్ కా నామ్ కహాం గయా, భాయ్?"

మగ్గం పేరెటు పోయిందని ఆయన అడగంగనే, నా కుర్చీ ఆడికాడికే ఇరిగింది అనుకున్న. రమేశన్న మాత్రం, "పాత సెట్టింగులు నా కాడున్నయి సేఠ్, గంటల ఎక్కిస్త," అన్నడు. "పోరడు ఒక్క హుక్కు గూడ వదలలే. ఎనిమిదింతలు ఎక్కువ రాసిండు, గంతే."

సేఠ్ నన్ను చూసిండు, స్క్రీన్ చూసిండు. "కూసోబెట్టు. నెలదాక చేతులు మాత్రం కట్టుకోవాలె."

మూడు రోజులాయె. రమేశన్న పక్కన ఆ కుర్చీల చేతులు కట్టుకోని కూసుంటున్న. ఇంట్ల అమ్మ అడిగింది, "కంప్యూటర్ల ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"చూస్తున్ననే," అన్న.

"అబ్బో, అన్నీ నువ్వే చూసుకుంటున్నవా," అని ఆమె అప్పుడే గల్లీ అంత చెప్పొచ్చింది.