పలకమీద రవి పేరు

విశాఖ బండి నాలుగు గంటలు ఆలస్యమన్నారు. రాయపూర్ స్టేషన్ దగ్గరి బీరు హోటల్లో కూర్చున్నాను. నా తమ్ముడు రవి అక్కడ జర్మన్ పద్ధతిలో గోధుమ బీరు తయారుచేసేవాడు. వాడు పోయి అప్పటికి రెండు నెలలు. గోడమీది పలకపై ‘రవి చేతి గోధుమ బీరు’ అని సుద్దతో హిందీలో ఇంకా రాసే ఉంది.

అదే బండికోసం ఆగిన ఒక పెద్దాయన పక్క కుర్చీలో ఉన్నాడు. గ్లాసు వాసన చూసి, ఒక గుక్క తాగి, కింద పెట్టేశాడు. నా చేతిలో తెలుగు పుస్తకం చూసి తెలుగులోనే అన్నాడు.

“ఉత్త అరటిపండు వాసనండీ. గోధుమ బీరుకి సహజంగా రావాల్సిన లవంగం ఘాటే లేదు. వేడిలో పెట్టి గబగబా పులియబెట్టేశాడు. ఎవడండీ ఈ రవి, పని రానోడు?”

“నా తమ్ముడు. ఇది వాడు చేసింది కాదు. వాడు చనిపోయాడు,” అన్నాను కటువుగా.

ఆయన లేచి వెళ్లి జేబురుమాలుతో ఆ పేరు తుడిచేశాడు.

“అరే అంకుల్‌జీ, మాలిక్ గుస్సా కరేగా,” యజమాని కోప్పడతాడంటూ వెయిటరు పరిగెత్తుకొచ్చాడు.

చనిపోయినవాడి చేత తప్పులు చేయించొద్దని మీ మాలిక్‌కి చెప్పు అని ఆయన హిందీలో బదులిచ్చాడు.

యజమాని మీద రావలసిన కోపం నాకు ఆయన మీద వచ్చింది. ఆయన చేసింది న్యాయమే. కానీ ఆ ఊళ్లో రవి పేరు కనిపించే చోటు అదొక్కటే. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.