రెండు సెకన్లలో వచ్చిన పర్మిట్

2023 వేసవి. అనకాపల్లి దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు డెవలపర్‌ని. చాటింగుకీ, ఫైళ్లకీ, మీటింగులకీ కంపెనీలు వాడే ప్లాట్‌ఫామ్ మీద, వాళ్ల పనికి సరిపడే ఫారాలు కట్టివ్వడం నా పని. ఒకరు ఫారం నింపితే అది ఫలానా మనిషి ఫోన్‌కి వెళుతుంది, ఆయన అప్రూవ్ నొక్కితే ముందుకి కదులుతుంది. ఈ వరసని మేం ఫ్లో అంటాం. పన్నెండేళ్లుగా ఇదే. ఒళ్లు అలిసిపోదు గానీ బుర్ర అరిగిపోతుంది.

అప్పుడు కట్టింది ట్యాంక్ పర్మిట్. రసాయనాల ట్యాంకులోకి మనిషి దిగి కడగాలంటే, సేఫ్టీ ఆఫీసర్ వచ్చి లోపల విషవాయువు లేదని చూసి అనుమతివ్వాలి. కాగితం మీద జరిగేదాన్ని ఫోన్‌లోకి తెమ్మన్నారు. సోమవారానికల్లా లైవ్ కావాలని, అంటే అసలు పనిలో వాడకానికి రావాలని, మేనేజర్ ఒకటే పోరు. టెస్టింగ్‌లో ప్రతిసారీ ఆఫీసర్‌ని నొక్కమని బతిమాలలేక, ఫారం రాగానే దానంతటదే అప్రూవ్ అయ్యేలా సెట్టింగ్ పెట్టుకున్నాను. మావాళ్లంతా చేసేదే. లైవ్‌కి మార్చేటప్పుడు తీసెయ్యాలి. నేను తియ్యలేదు. పైగా చెక్‌లిస్టులో తీసేసినట్టు టిక్ కూడా పెట్టేశాను, చూడకుండానే. ఇంటికి పోదామన్న తొందర.

సోమవారం పదిన్నరకి సూపర్‌వైజర్ ఫోన్. "అప్పలనాయుడు ట్యాంకులోకి దిగనంటన్నాడండి. పర్మిట్ వచ్చిందిరా అంటే వినడు. మీరొచ్చి సెప్పండి."

ఇదొకటా అని విసుక్కుంటూ వెళ్లాను. అప్పలనాయుడుది కశింకోట, యాభై దాటిన మనిషి. నడుముకి తాడు కట్టుకుని ట్యాంకు మూత పక్కన కూర్చున్నాడు.

"ఏటి మామా, అప్రూవ్ అయింది కదా?"

"అయింది బాబూ. ఈ సూపర్‌వైజర్ బాబు ఫారం పంపేడు, ఎంటనే వచ్చీసింది. రెండు సెకన్లు అవ్వలేదు. ఆఫీసర్ సారు ఇటేపు రానేలేదు. మరి లోపల ఎవులు సూసేరు?"

ల్యాప్‌టాప్ తెరిస్తే సెట్టింగ్ అలాగే ఉంది. ఆఫీసర్ ఫోన్‌కి ఏమీ వెళ్లనే లేదు. ఆయన్ని పిలిపించాం. గ్యాస్ మీటర్‌ని లోపలికి దింపగానే అది కీచుమని మొత్తుకుంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"తప్పు నాదే మామా."

"సర్లే బాబూ, దిగలేదు గదా." నడుముకున్న తాడు విప్పుతూ అన్నాడు, "ఆ ఫారంలో నా పేరెక్కడుందో ఓపాలి సూపించు."

వెతికాను. పర్మిట్ అడిగినవారి పేరుంది, ఆఫీసర్ పేరుంది, మేనేజర్ పేరుంది. అతని పేరు ఎక్కడా లేదు. 'దిగేవారి సంఖ్య: 1' అని ఉంది.

ఆ రోజే సెట్టింగ్ తీసేసి, ఫ్లోలో ఆఖరి అనుమతి దిగే మనిషిది చేశాను. అతను సరేనంటేనే పర్మిట్. ఇంకో స్టెప్పు పెరిగిందని మేనేజర్ సణిగాడు. సణగనీ అనుకున్నాను.

ఇప్పుడు ఎవరు ఏ ఫారం కట్టమన్నా ముందు ఒకటే అడుగుతాను: ఇది తప్పితే ఎవరి ప్రాణం మీదకొస్తుంది? ఆ మనిషి పేరుకి గడి పెట్టాకే మిగతావాళ్లవి.