మస్కారా ఇప్పించిన సీటు

నా కనురెప్పలు జిడ్డుగా ఉంటాయి, పైగా ఏది రాసినా కళ్లు మండుతాయి. అందుకే నిన్న చిక్కడపల్లి ఫ్యాన్సీ షాపులో అడిగి మరీ పరీక్ష చేయించాను. షాపాయన నా చేతి మీద మస్కారా గీసి, నీళ్లు పోసి, "చూడక్కా, జర గూడ చెదరలే" అన్నాడు. నిజమే, చేతికి జిడ్డు లేదు కదా!

ఈ రోజు టైపు కొట్టీ కొట్టీ ఆఫీసు వదిలేసరికి, పొద్దున పెట్టుకున్న ఆ మస్కారా అంతా కళ్ల కిందికి దిగింది. నారాయణగూడలో బస్సెక్కగానే, కూర్చుని ఉన్న ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఏడ్వకు బిడ్డా. ఇంట్ల ఏమన్న అన్నరా?"

"ఏడ్వలేదమ్మా, మస్కారా కారింది."

"నేను గూడ కంట్ల నలుసు వడ్డదనే చెప్పేటిదాన్ని" అంటూ లేచి తన సీటిచ్చింది.

కాళ్లు లాగేస్తున్నాయి. కూర్చున్నాను.

చెదరని మస్కారా మీకు తెలిస్తే చెప్పండి. తొందరేం లేదు, ఇది అయిపోయేదాకా నాకు సీటు దొరుకుతుంది.