తాళ్ళు లేని డచ్చి ఓడ

మా నాయనది కోరుట్లలో బట్టల దుకాణం. నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందని ఇంట్లో అనేవారు. దోహాలోనూ తిండి పెడుతున్నది ఆ విద్యే. అల్ దోహా అల్ జదీదాలో చెక్క ఓడల బొమ్మలు అమ్మే దుకాణంలో సేల్స్‌మన్‌ని. ఆ బొమ్మలకు తెరచాపలు, తాళ్ళు కట్టేది నేను 'కాకా' అని పిలిచే పెద్దమనిషి. సిరిసిల్ల మరమగ్గాల మీద తెగిన పోగులు ముడివేసి ముడివేసి అరిగిన వేళ్ళు ఆయనవి. ఉమ్ ఘువైలినాలో ఇద్దరిదీ ఒకే గది. వంట ఆయనది, వంకలు నావి.

పోయిన చలికాలం కాక చేతులు వణకడం మొదలుపెట్టాయి.

"సలికి రా" అన్నాడు.

ఎండలు వచ్చాయి. వణుకు పోలేదు. మా మేనేజరు ముదీర్ హైదరాబాదు పాతబస్తీ మనిషి. ఆ వణుకు ఆయన కంటపడితే ఊరి టికెట్ చేతిలో పెడతాడు.

"ఈ చేతులతోని ఊరికి పోతె నాకు పనెవడిస్తడు బిడ్డా?" అనేవాడు కాక.

అప్పుడే ఒక డచ్చి పెద్దాయన కాగితం మీద గీసిన ఓడ పటం తెచ్చి ఇచ్చాడు. వాళ్ళ ముత్తాత పనిచేసిన యుద్ధనౌకట. జావా సముద్రంలో ఏళ్ళ తరబడి కాపలాకు పంపారట. అచ్చం అలాగే చెక్కతో చేయాలన్నాడు. కాగితం నిండా సాలెగూడులా తాళ్ళు. కాక చూసి కూలబడ్డాడు.

"నాతోని గాదురా."

పెద్దాయన మళ్ళీ వచ్చినప్పుడు టీ ఇప్పించి మెల్లగా అడిగాను, అన్నేళ్ళూ ఆ ఓడ తెరచాపలెత్తుకునే తిరిగిందా అని. ఆయన నవ్వాడు. చాలాకాలం రేవులోనే లంగరేసి ఉండేదట. చాపలు విప్పేసి, పై కొయ్యలు దించేసి, ఎండకు ఓడ మీద గుడ్డ పందిరి వేసేవారట. తమ బదులు ఇంకో ఓడ వచ్చేదాకా కదలడానికి లేదట. ఎదురుచూస్తూ జ్వరాలతో పోయినవాళ్ళూ ఉన్నారట.

"మరి అలాగే చేయించుకోండి సార్. చాపలెత్తిన ఓడ ప్రతి హోటల్లోనూ ఉంటుంది. ఇది మీ ముత్తాత చూసిన ఓడ."

ఆయన కళ్ళు తడిశాయి. పని సగానికి తగ్గింది, ధర తగ్గలేదు. మా నాయన ఉంటే నన్ను భుజాన ఎత్తుకునేవాడు.

కాక నాలుగు లావు తాళ్ళు కట్టి తెల్లగుడ్డ పరిచాడు. వణుకు మడతల్లో కలిసిపోయింది. ఆ శుక్రవారం కోడికూర వండాడు.

"నీ నోరు సల్లగుండ!"

అలాంటివే కావాలని ఇంకో ఇద్దరు వచ్చారు. ముదీర్ నన్ను పిలిచాడు.

"క్యా దిమాగ్ మియా! ఇగ అన్నీ గిట్లనే చేద్దాం. పని తక్కువ, రేటు అదే."

మురిసిపోయాను.

"మరి తాళ్ళే లేకుంటె తాళ్ళు కట్టేటాయన ఎందుకు? గుడ్డ నువ్వు పరుస్తవ్ గదా."

కాకను ఏడాది ఉంచమన్నాను. ఆరు నెలలన్నాను. రంజాన్ దాకా అన్నాను.

"మాఫీ భాయ్. ఖలాస్."

ఇక మా బజారు ఆఖరి ఎత్తు మిగిలింది. నేనూ పోతానని లేచాను. కోరుట్లలో అయితే గడప దాటకముందే వెనక్కి పిలుస్తారు. తలుపు దాకా వెళ్ళి ఆగాను. ముదీర్ ఫోన్ చూసుకుంటున్నాడు. తిరిగొచ్చి నా స్టూలు మీద కూర్చున్నాను.

ఊరికి పోయే రోజు పెట్టెకు తాడు కట్టబోయి కాక ముడి వేయలేకపోయాడు. నేను వేశాను.

"ఆ ఓడోళ్ళు ఇంటికి పోయిండ్రా?" అని అడిగాడు.

"కొందరు పోయిండ్రంట కాక."

"పోయి ఏం జేసిండ్రంట?"

డచ్చి పెద్దాయనను ఆ సంగతి అడగలేదు. నా బేరానికి దాంతో పని పడలేదు.