పిన్నీసు చొక్కా

ఇదివరకు పొద్దున్నే టీ తాగగానే ఆమె కుట్టుమిషను పక్కన నేల మీద చతికిలపడేది. భర్త కుట్టి పడేసిన చొక్కాలకు గుండీలు కుట్టడం ఆమె వంతు. వీధివాళ్లు ఆమెను గుండీలక్క అనే పిలుస్తారు. ఆయన పోయాక మిషను మీద దుప్పటి కప్పారు. ఆమె మాత్రం ఇప్పటికీ అక్కడే కూర్చుంటుంది, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

ఈరోజు ఆడపడుచు వచ్చి, ఎవరికైనా పనికొస్తాయి ఇచ్చేద్దామని, ఆయన బట్టల పెట్టె తీసింది. ఆమె అడ్డు చెప్పలేదు. వదులైన గుండీలు బిగించి, దారం పంటితో కొరికి, ఒక్కొక్క చొక్కా మడతపెట్టి ఇస్తూ పోయింది. అడుగున నీలం గళ్ల చొక్కా దొరికింది. దానికి రెండో గుండీ ఉండాల్సిన చోట పిన్నీసు ఉంది.

“ఊరందరికీ గుండీలు కుడతావు, మా అన్నయ్యకి పిన్నీసే దిక్కా వదినా?”

“మీ అన్నయ్య కుట్టనిస్తేగా! రేపు విప్పిస్తా, రేపు విప్పిస్తా అంటూ మళ్లీ అదే తగిలించుకుని కూర్చునేవారు.”

ఇద్దరూ నవ్వారు. ఆడపడుచు నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. “సరేలే, ఇప్పుడైనా కుట్టెయ్యి. తొడుక్కున్నవాళ్లకి గుచ్చుకుంటుంది.”

ఆమె డబ్బాలో వెతికి సరిపడే గుండీ తీసింది. సూదిలో నీలం దారం ఎక్కించింది. పిన్నీసు చుట్టూ గుడ్డకు పట్టిన తుప్పు మరకను బొటనవేలితో రుద్దుతూ ఆగిపోయింది.

“ఇది కుట్టేస్తే ఇంక ఎవరి చొక్కా అయినా అయిపోతుందమ్మా,” అంది.

గుండీని మళ్లీ డబ్బాలో పడేసి మూత పెట్టింది.